పద్యమునకుఁ గొలఁత యెందులకు?

(వార్షిక మహాసభ రెండవనాఁటి యుదయమున చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటి దినమున విద్యార్థి వసతిగృహపు లెక్కలును, వేతన నిధియు, వివాహముల యందలి దుర్వ్యయమును చర్చకు వచ్చినవి. వానిముందు నా విషయము మిక్కిలి చిన్నది. పద్యమనఁగా నేమి, గణమనఁగా నేమి, యతిప్రాస లెందుల కేర్పడినవి, అలంకారమన నెట్టిది యను నీ నాలుగు మాటలను శాస్త్రము చదువని వారికిఁ దెలియునట్లు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుఁడను గాను. అక్కరపడి నలువదవయేఁట నేర్చుకొన్నవాఁడను. ఆ యక్కర యెట్లు కలిగెనో ముందు చెప్పెదను. అది చెప్పనిదే మిగిలినది మీకు రుచింపదు.

మనము పద్యములను వాడుకొనువారమే. పెండ్లిలో మంగళాశాసన పద్యములు చదివింతుము. పెద్దలు గతించినపుడు స్మృతిపద్యములు అచ్చొత్తింతుము. దాతలకు సన్మానపత్రము లిత్తుము. ఈ సంచికనే తెఱచి చూడుఁడు, ఎన్ని పద్యములున్నవో! అంగడికిఁ బోయి వీసెడు చింతపండు కొన్నను తక్కెడ ముల్లు చూతుము గదా. పద్యమును మాత్రము తూఁచకయే కొనుచున్నాము.

మా తండ్రిగారు గతించిన మఱుసటి యేఁడు సాంవత్సరికమునాఁడు వారి పేర నొక సీసపద్యము వ్రాయించి, అచ్చొత్తించి, బంధువుల కందఱకుఁ బంచితిని. వ్రాసి యిచ్చిన వారికి నూటపదాఱు రూపాయలును, పట్టుకండువయు సమర్పించితిని. వారెవరో చెప్పుట నాకిష్టము లేదు. పద్యము చదువుచుండఁగా సభలో ననేకులు కన్నీరు పెట్టుకొనిరి. మా మేనమామ మాత్రము మొగము చిట్లించి కూర్చుండెను. ఆయనకు చేవ్రాలు తప్ప వేఱు వ్రాఁత రాదు. కాని చిన్ననాఁటినుండి పౌరాణిక నాటకము లెక్కడ నాడినను గోనెపట్టా చంకఁబెట్టుకొని పోయి, తెల్లవాఱువఱకు ముందువరుసలో కూర్చుండి వినినవాఁడు. భోజనములైన పిమ్మట నన్ను ప్రక్కకుఁ బిలిచి, “అల్లుఁడూ, మూఁడవ చరణమున మీ నాయన పేరు వచ్చినచోట పద్యము కుంటినదిరా. పేరు మంచిదే. పద్యమును మంచిదే. రెండును ఒకదాని కొకటి కావు” అనెను. చదువురాని వాఁడు పద్యమునకు వంక పెట్టుటయా యని నేను కోపగించుకొని, ఆయనతో రెండు మాసములు మాటాడనైతిని.

మూఁడేండ్లు గడచినవి. ఒక సంబంధము చూచుటకై వేఱొక యూరు పోయితిమి. ఆ యింటివారి వసారా గోడపై పటము గట్టిన సీసపద్య మొకటి వ్రేలాడుచుండెను. దప్పికకు మజ్జిగ త్రాగుచు చదువఁజొచ్చితిని. అది మా తండ్రిగారి పద్యమే! అక్షరము మాఱలేదు, పేరొక్కటియే వేఱు. క్రింద నున్న సంవత్సరము మాదానికన్న నాఱేండ్లు ముందటిది. అనఁగా మాకు దొరకినది తొడిగి విడిచిన చొక్కాయ. ఆ రెండు పేరులు నేను చెప్పను గాని వాని కొలఁత చెప్పెదను. రెండును మూఁడక్షరముల పేరులే. వారిది గురువు, గురువు, లఘువు. మా తండ్రిగారిది లఘువు, గురువు, లఘువు. మొదటి యక్షరము హ్రస్వమగుట యొక్కటియే భేదము. వ్రాసి యిచ్చినవారు అక్షరములు లెక్కించి సరిపోయినవని తలఁచిరి. మా మామ బరువును విన్నాఁడు.

ఇఁక శాస్త్రమునకు వత్తము.

రెప్పపాటు కాలమున పలుకఁదగినది లఘువు. దానికి రెట్టింపు కాలము పట్టునది గురువు. లఘువునకు నిలువుగీతయు, గురువునకు గిన్నెవంటి వంపుగీతయు గుఱుతులు. దీర్ఘముగల యక్షరము, ఐత్వ ఔత్వములు గలది, సున్నతోడిది, విసర్గతోడిది, పొల్లుతోడిది గురువులు. ఇవిగాక జంటయక్షరమునకుఁ గాని ఒత్తుగల యక్షరమునకుఁ గాని ముందున్నది తాను పొట్టిదైనను గురువగును. ‘పద్య’ మనుచో ద్యకారము వెనుక నున్నందున పకారము బరువెక్కినది. ఇచ్చట క్రొత్తవారు పొరపడు తావొకటి కలదు: వట్రసుడి ఒత్తు కాదు. ‘సుకృతము’ అనుచో సుకారము లఘువే.

మూఁడేసి గురులఘువులను గూర్చిన మూటలకు గణములని పేరు. అవి యెనిమిది. వానిని జ్ఞాపకముంచుకొనుటకుఁ బెద్దలు ‘యమాతారాజభానసలగం’ అను మాటను కల్పించిరి. ఏ గణము కావలెనో ఆ యక్షరము మొదలు మూఁడక్షరములు చదివినచో దాని రూపము తానే కనఁబడును. ‘యమాతా’ యన్నచో లఘువు, గురువు, గురువు, అదియే యగణము. ‘భానస’ యన్నచో భగణము. నాకు మాత్రము మనుష్యుల పేరులతో నేర్చుకొనుట తేలికయైనది. మాధవ భగణము. కమల నగణము. అదే కమలను ‘కమలా’ యని పిలిచినచో సగణము. రాఘవా యన్నది రగణము. శ్రీరామ తగణము. రమేశ జగణము. యశోదా యగణము. శ్రీనాథా మగణము. ఇంటికిఁ బోయి మీ పిల్లల పేరులు తూఁచి చూడుఁడు. ఒక రాత్రిలో గణములన్నియు వచ్చును.

ఈ గణములను నియతమైన వరుసలోఁ బేర్చినది వృత్తము. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు: భ, ర, న, భ, భ, ర గణములును, తుదిని లఘువు గురువులును. చంపకమాలకు 21: న, జ, భ, జ, జ, జ, ర గణములు. వరుసలు చూచినపుడు రెంటికిని పొత్తే లేనట్లు తోఁచును. నేనును చాలకాల మట్లే రెంటిని వేర్వేఱుగ వల్లించితిని. ఒకనాఁడు గీతలు గీసి యొకదాని క్రింద నొకటి యుంచి చూడఁగా రహస్యము బయటఁబడినది. ఉత్పలమాలయందలి మొదటి గురువును విఱిచి రెండు లఘువులు చేసినచో చంపకమాల! తక్కిన పందొమ్మిది యక్షరములు గీత మాఱకుండ నవియే. శార్దూలమునకు 19 అక్షరములు, మత్తేభమునకు 20. వానికిని ఇదే చుట్టఱికము. పెద్దపులి యడుగును రెండుగా చీల్చినచో మదపుటేనుఁగైనది. నాటకములలో నటుఁడు హార్మోనియము శ్రుతిలో పద్యమెత్తఁగనే ఇది ఏ వృత్తమో మా మామ చెప్పఁగలిగెడివాఁడు. పేరులు తెలియక ‘దిగువనుండి యెక్కునది’, ‘పరుగెత్తి యెక్కునది’ యనెడివాఁడు. గురువుతో మొదలగునవి ఆయనకు మొదటివి; రెండు లఘువులతో మొదలగునవి రెండవవి.

వృత్తములు సంస్కృతమునుండి వచ్చినవి. మన నేలపైఁ బుట్టినవి ద్విపద, తరువోజ, ఆటవెలఁది, తేటగీతి, సీసము మొదలగునవి. వీనికి సూర్యగణములు, ఇంద్రగణములు ముఖ్యము. సూర్యగణములు రెండే: గురులఘువుల హగణము, మూఁడు లఘువుల నగణము. సీత, గంగ, లక్ష్మి హగణములు, విమల నగణము. ఇంద్రగణము లాఱు: నల, నగ, సల, భ, ర, త. రామయ్య తగణము. నరసయ్య సలగణము. రెండును ఇంద్రగణములే గాన సీసమున రామయ్య యున్నచోట నరసయ్యను నిలిపినను నడక చెడదు. ఇప్పుడు చిత్తగింపుఁడు. ఈ యెనిమిదింటిలో లఘువు వెంటనే గురువు వచ్చునట్లు మొదలగునది ఒక్కటియు లేదు. మా తండ్రిగారి పేరు సరిగా నట్టిది. గణము మొదట నిలిపినచో నది ఏ సీసమునను, ఏ గీతమునను ఇముడదు. మామ చెవికిఁ దోఁచిన కుంటు ఇదియే.

సీసపాదమునకు ఆఱు ఇంద్రగణములు, రెండు సూర్యగణములు. నాలుగు పాదముల వెనుక నొక ఆటవెలఁదియో తేటగీతియో యుండితీరవలెను. తేటగీతి పాదము సూర్యగణ మొకటి, ఇంద్రగణములు రెండు, సూర్యగణములు రెండు. ఆటవెలఁదికి బేసి పాదములలో మూఁడు సూర్యులు, ఇద్దఱింద్రులు. సరి పాదములలో నైదుగురు సూర్యులే. ఉదాహరణమునకుఁ బరుల పద్యము తెచ్చుటకన్న నా సొంతముది, తప్పున్నచో నన్నే తిట్టుటకు వీలగునది, యొకటి చెప్పెదను:

విత్తు నాటువాఁడు వేచియుండును వాన
కొఱకుఁ గన్ను మింటఁ గూర్చి నిలిచి;
పద్యమల్లువాఁడు పదములు రాకున్న
వేచియుండవలయు వేగపడక.

గొప్ప కవిత్వము కాదు. కొలఁతకు మాత్రము నిలుచును. మొదటి పాదము విఱిచి చూడుఁడు: విత్తు, నాటు, వాఁడు యనునవి మూఁడు హగణములు, ‘వేచియుం’ రగణము, ‘డును వాన’ సలగణము. గణము మాటతో ముగియవలెనను నియమము లేదు. మాట నడుమ గణము తెగుటవలననే పద్యమునకు జడమైన తాళము గాక ప్రవాహము వచ్చును.

ఇఁక యతి. సంస్కృతమున యతి యనఁగా పాదమున ఊపిరి తీసికొను విరామము. తెలుఁగువారు దానిని వేఱొకటి చేసిరి. పాదము మొదటి యక్షరమునకును, యతిస్థానమందలి యక్షరమునకును మైత్రి యుండవలెను. దీనికే వళి యని పేరు. ఆ మైత్రి హల్లునకును, అచ్చునకును గూడ. అ ఆ ఐ ఔ లొక చుట్టము. ఇ ఈ ఎ ఏ లొకటి. ఉ ఊ ఒ ఓ లొకటి. క ఖ గ ఘ లొక యింటివి. ప ఫ బ భ వ లొక యింటివి. ఆటవెలఁదికి నాలవ గణము మొదట యతి. నా పద్యమున ‘వి’కి ‘వే’, ‘కొ’కు ‘గూ’, ‘ప’కు ‘ప’, ‘వే’కు ‘వే’ కుదిరినవి. ఇప్పుడు ‘వేచియుండును’ అను మాటఁ దీసి ‘చూచుచుండును’ అని యుంచుఁడు. అర్థము చెడలేదు, గణములును అవియే. కాని ‘వి’కి ‘చూ’ తో మైత్రి లేదు. గానుగయెద్దు నడచుచు నడచుచు గట్టు తగిలి యాగినట్లు చెవి యాగును. ఉత్పలమాలకు పదవ యక్షరము, చంపకమాలకు పదునొకండవది, శార్దూలమునకు పదుమూఁడవది, మత్తేభమునకు పదునాల్గవది యతిస్థానములు. యతిభేదములు లాక్షణికులు చాల చెప్పిరి. 17వ శతాబ్దమువాఁడైన కాకునూరి అప్పకవి వానిని విస్తరించిన తీరు చూచినచో క్రొత్తవాఁడు భయపడి పాఱిపోవును. నేఁడు మనకవి యక్కఱలేదు.

ప్రాస పాదము రెండవ యక్షరమునకు సంబంధించినది. మొదటి పాదమున రెండవ యక్షరమే హల్లో, నాలుగు పాదములలోను అదే హల్లుండవలెను. అచ్చు మాఱవచ్చును. వృత్తములకును, కందమునకును, ద్విపదకును ప్రాస విధి. ఆటవెలఁది, తేటగీతి, సీసములకు విధి లేదు. అందుచేతనే మొదలుపెట్టువారు ఆటవెలఁదితో మొదలుపెట్టుట మేలు. కందముతో మొదలుపెట్టవలదు. ‘కందము చెప్పినవాఁడు కవి, పందిని పొడిచినవాఁడు బంటు’ అను సామెత యూరక పుట్టలేదు. చూచుటకు చిన్న పద్యము. నాలుగు మాత్రల గణములే. కాని బేసిగణము జగణము కారాదు, ఆఱవ గణము జగణమో నలమో కావలెను, రెండవ నాలవ పాదముల తుద గురువుండవలెను, ప్రాస తప్పరాదు. ఇన్ని కట్లలో మాట సహజముగ రావలెను.

ఇచ్చట నొక సందేహము కొందఱు యువకులు నన్నడిగిరి: ఇదంతయు శాస్త్రులవారి సొత్తుగదా, మనకేల యని. ఇది నా కంగీకారము కాదు. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయ వృత్తములతో భారతము మొదలుపెట్టినమాట నిజమే. కాని పాల్కురికి సోమనాథుఁడు బసవపురాణమును ద్విపదలో వ్రాసినది జనసామాన్యము పాడుకొనుటకే. మూఁడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, అటువంటి పాదములు రెండు. విసరుచు పాడవచ్చును, దంచుచు పాడవచ్చును. మా నాయనమ్మ అక్షరము లెఱుఁగదు. తిరుగలి ముందు కూర్చుండి తెల్లవాఱుజామున నిట్టి పాట లెన్ని పాడెడిదో! ఆమె తప్పు పాడఁగా నేను వినలేదు. ఒక్కటియు వ్రాసికొనలేదు. ఆమెతో నవి పోయినవి. వేమన యాటవెలఁదులు పుస్తకమెక్కుటకుఁ బూర్వమే నోటినుండి నోటికి నడచినవి. వానిలోఁ గొన్నిటిని బ్రౌనుదొర 1829లో అచ్చువేయించెను. కుమ్మరియింట పుట్టిన మొల్ల రామాయణము చెప్పినది. గుఱ్ఱము జాషువ యెన్ని గుమ్మములయొద్ద నవమానపడెనో అందఱెఱిఁగినదే. ఆయన 1941లో ‘గబ్బిలము’ను ఏ శాస్త్రము తనది కాదనిరో ఆ శాస్త్రపు పద్యములతోనే చెప్పెను. గురులఘువులు కులము నడుగవు. కులసభలో నిలిచి యీ మాట చెప్పుచున్నందుకు మన్నింపుఁడు; చెప్పవలసిన చోటిదియే యని తోఁచినది.

అలంకారములను గూర్చి కొంచెము. చెఱువు అద్దమువలె నిర్మలముగ నున్నదన్నచో ఉపమ. చెఱువు ఉపమేయము, అద్దము ఉపమానము, నిర్మలత్వము సమానధర్మము, ‘వలె’ ఉపమావాచకము. ‘వలె’ను తీసివేసి ‘చెఱువను నద్దము’ అన్నచో రూపకము. ఆకాశము నేలకు దిగి పరుండెనా యన్నట్లున్నదని యూహించినచో ఉత్ప్రేక్ష. ఆ చెఱువునీరు త్రాగినవారికి ముసలితనము రాదన్నచో అతిశయోక్తి. గట్టుమీఁది తుమ్మచెట్టు నీడలో గేదె మెడవఱకు మునిఁగి, చెవులు మాత్రమాడించుచున్నదని ఉన్నదున్నట్లు చెప్పినచో స్వభావోక్తి. శబ్దాలంకారములలో అనుప్రాస, యమకము మీకుఁ దెలిసినవే. రసములు, ధ్వని, గుణములు నొక ప్రసంగమున నిముడవు, వానిని విడిచెదను.

మన సన్మానపద్యములలో నడుచునది అతిశయోక్తి యొక్కటియే. ప్రతిదాతయు కర్ణుఁడే, కల్పవృక్షమే, చంద్రుఁడే. పోషకులు మన్నింతురుగాక, ఒక ప్రశ్న యడిగెదను. తమ్ముఁ గల్పవృక్షమనిన పద్యములలో నొక్కటి తమకు నోటికి వచ్చునా? వసతిగృహమునకు రెండవయంతస్తు వేయించినవారు మనలోఁ గలరు. గచ్చుపని జరుగుచుండఁగా ఎండలో గొడుగు లేక నిలిచి, ఇటుకలు లెక్కపెట్టి, మేస్త్రీతో తగవులాడిన పెద్దలను నేనెఱుఁగుదును. ఆ నిలుచుటను స్వభావోక్తిలో చెప్పిన పద్య మొక్కటి యున్నచో అది వారిదే యగును. పేరు మార్చి వేఱొకరి కమ్ముటకు వీలుపడదు. కర్ణుఁడని చెప్పిన పద్య మెవరికైనను సరిపోవును. దొంగకుఁ బనికివచ్చునది ఆ పద్యమే.

కొలఁతలను వదలినవారు లేరా యని యడుగవచ్చును. ఉన్నారు. గురజాడ అప్పారావుగారు 1910లో ముత్యాలసరములను ప్రకటించిరి. మూఁడు నాలుగు మాత్రల నడకతో యతిప్రాసల కట్టు లేక తెలుఁగుపలుకు నడిపించిరి. ఆ తరువాత వచనకవిత వచ్చినది. నేను దానికి విరోధిని గాను. కాని గురజాడవారు పాతకొలఁతను కాదని క్రొత్తకొలఁతను చేసికొనిరి. కొలఁత తెలియక వదలలేదు. ఇప్పుడు పద్యమును వ్రాసి యిచ్చినచో గణములు, యతులు తానే విడఁదీసి చూపు గణకయంత్ర సాధనములును వచ్చినవి. పిల్లలు వానిని వాడుకొందురుగాక. తప్పెక్కడనో అది చూపును. కాని ముందు నోటితో గట్టిగాఁ జదువవలెను. చెవికి తగిలిన తప్పు మఱల రాదు.

ఇంతకు మా పద్యము సంగతి చెప్పి విరమించెదను. ఆ యూరినుండి వచ్చిన పిమ్మట పటము దింపి పెట్టెలోఁ బెట్టితిని. రెండేండ్లు గురులఘువులతోఁ గుస్తీపట్టితిని. మా తండ్రిగారు ఎఱ్ఱటియెండలో దొరువునుండి కావడితో నీరు మోసి మామిడిమొక్కలకుఁ బోసిన సంగతిని, అవి కాయకముందే గతించిన సంగతిని నాలుగు పాదములలో పెట్టఁదలఁచితిని. మాటలు వచ్చినవి, పేరు మాత్ర మిమిడినది కాదు. లఘువు, గురువు, లఘువు. ఎక్కడ నిలిపినను గణము మొదట నిలువదు. పేరు వదలి వ్రాయుదమా యనియు తలఁచితిని. ఒకనాఁటి రాత్రి అప్రయత్నముగ, పేరునకు ముందు ‘నాన్న’ యను మాట నోటికి వచ్చినది. నా గురువు, న్న లఘువు. వారి పేరులోని మొదటి లఘువు వచ్చి కలియఁగా భగణము. మిగిలిన గురులఘువులు తరువాతి గణమునకు తలవాకిలి యైనవి. పాదము నడచినది.

ఆ పద్యమిప్పుడు మా యింట గోడపై నున్నది. దానిని మొదట మా మామకే వినిపింపవలెనని యనుకొంటిని. అప్పటికాయన గతించి యెనిమిది మాసములైనది.